పది రోజుల సాక్ష్యం

మిషన్ ట్రిప్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే కథలన్నీ దాదాపు ఒకేలా మొదలై ఒకేలా ముగుస్తాయి. బయల్దేరే ముందు ఏదో ఒక ఆటంకం వస్తుంది. సెలవు దొరకదు, బండి చెడిపోతుంది, లేదా వానలు. ప్రార్థన చేస్తారు, దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత కొండ మీద ఒక గూడెం, ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. "ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో!" అనే ఆశ్చర్యం. పిల్లలు చుట్టూ మూగిన ఫోటో. చివరి రాత్రి కూడికలో ఇంతమంది చేతులెత్తారన్న లెక్క. "మేం ఇవ్వడానికి వెళ్ళాం, వాళ్ళే మాకు ఇచ్చి పంపారు" అన్న ముగింపు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యంగా చెప్పింది సాయంత్రానికి రీల్ అవుతుంది, నెలాఖరుకి దాతలకి పంపే ఉత్తరం అవుతుంది.

నేనుండే తెల్లాపూర్‌లో ఇలాంటి సాక్ష్యాలు ఇప్పుడు తరచుగా వినబడుతున్నాయి. ఒకప్పుడు మెదక్ జిల్లా పల్లె ఇది. ఇప్పుడు నల్లగండ్లకీ కొల్లూరుకీ మధ్య టవర్ల వరస. ఇక్కడి అపార్టుమెంట్లలో ఉంటూ హైటెక్ సిటీలో పనిచేసే యువతీయువకులు లాంగ్ వీకెండ్ వస్తే భద్రాచలం వైపో, అరకు వైపో జట్టుగా బయల్దేరతారు. వేసవిలో అమెరికా నుంచి వచ్చే జట్లకి దుబాసీలుగా వెళ్ళేదీ వీళ్ళే. మూడు తరాల కిందట ఎవరి తాతమ్మ ఇంటికి దొరసాని నడిచి వచ్చిందో, వాళ్ళ మునిమనవరాలే ఇప్పుడు ఇన్నోవాలో ఇంకొకరి ఇంటికి వెళ్తోంది. చిన్న మార్పు కాదిది. దీన్ని ఎగతాళి చేయడం తేలిక. నాకా ఉద్దేశం లేదు. ఎవరి విశ్వాసం మీదా తీర్పు చెప్పడం నా పని కూడా కాదు. నా పని చదవడం. సాక్ష్యం కూడా ఒక సాహిత్య రూపమే కాబట్టి, దాన్ని కథను చదివినట్టే చదవాలని నా ప్రయత్నం. ఎవరు చెబుతున్నారు, ఎవరికి పేరుంది, ఎవరు మాట్లాడరు, కథ ఎక్కడ ఆగిపోతుంది అన్నవే ప్రశ్నలు.

నాకు మొదట కనిపించేది, కథ ఎప్పుడూ తిరుగు ప్రయాణం దగ్గరే ఆగిపోవడం. ఊరివాళ్ళకి మాత్రం అసలు కథ మొదలయ్యేది జట్టు వెళ్ళిపోయిన మర్నాడు. చేతులెత్తిన కుర్రాడి ఇంట్లో ఏం గొడవైంది? పంచిన మందులు అయిపోయాక ఏమైంది? పది రోజులు పాతికమందికి వండిపెట్టిన పాస్టరమ్మగారి నడుం ఎలా ఉంది? ఈ పదకొండో రోజు సాక్ష్యంలోకి రాదు. రాదంటే ఎవరూ దాస్తున్నారని కాదు. చెప్పేవాళ్ళు అప్పటికి అక్కడ లేరు, అంతే.

ఈ రూపం మన దగ్గర పుట్టింది కాదు. యూత్ విత్ ఎ మిషన్ సంస్థ 1960లో మొదలైంది. ఆపరేషన్ మొబిలైజేషన్ కూడా ఆ కాలానిదే. కాలేజీ పిల్లల్ని కొన్ని వారాలో నెలలో పంపడం ఒక పద్ధతిగా మారింది ఆ దశకంలోనే. 2005లో ఒక్క ఏడాదే దాదాపు 16 లక్షలమంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకు వెళ్ళారని సోషియాలజిస్టు రాబర్ట్ వుత్నో అంచనా. విమర్శ కూడా దాదాపు అప్పుడే పుట్టింది. 1968లో మెక్సికోలో ఇవాన్ ఇల్లిచ్ అనే కాథలిక్ మతగురువు, సేవకోసం వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందే నిలబడి, మీ మంచితనాన్ని మా మీద రుద్దకండి అన్న అర్థంలో మాట్లాడాడు. చూడ్డానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నాడు. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ని ధ్వంసం చేశాక, బయటి జట్లు కట్టిన ఇళ్ళనీ స్థానిక సంస్థలు కట్టిన ఇళ్ళనీ కర్ట్ వెర్ బీక్ పోల్చి చూశాడు. ఇల్లు దొరికినవాళ్ళ జీవితంలో ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కట్టి వెళ్ళినవాళ్ళలో వచ్చిందనుకున్న మార్పు కూడా పెద్దగా నిలవలేదు. జట్ల విమాన ఖర్చులు స్థానిక సంస్థకి ఇచ్చి ఉంటే ఎన్నో ఇళ్ళు లేచేవి.

ఇదంతా బయటి చర్చ. కానీ ఈ విషయంలో తెలుగు నేలకి తనదైన అనుభవం ఉంది. మన యువ మిషనరీలు దాన్ని చదవకుండా, అమెరికా నుంచి వచ్చిన ట్రిప్ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవడమే నాకు బాధ.

నెల్లూరు సంగతే తీసుకోండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఇండియాకి వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచాయి. చెప్పుకోడానికి పెద్ద సంఖ్యలేవీ లేవు. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. పటం మీద ఒక్క చుక్కలా మిగిలింది కాబట్టి దానికి 'లోన్ స్టార్' అన్న పేరు పడింది. నేటి ట్రిప్ రిపోర్టు లెక్కన చూస్తే నెల్లూరు ఘోర వైఫల్యం. రీల్ చేయడానికేమీ లేదు. కానీ అప్పటికే అక్కడి మనుషులు భాష నేర్చుకున్నారు, ఎవరికి ఎవరేమవుతారో తెలుసుకున్నారు, తిట్లు తిన్నారు, ఉండిపోయారు.

ఆ తర్వాత ఒంగోలు కథ. దీన్ని సాధారణంగా జాన్ క్లౌ కథగా చెబుతారు. 1865లో వచ్చి మర్నాటి ఏడు ఒంగోలులో స్థిరపడిన దొర. కానీ దాన్ని ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కథగా చదివితే ఇంకోలా ఉంటుంది. పేరయ్య అప్పటికే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు, తన మనుషుల్లో గౌరవం ఉన్నవాడు. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే ఆ మాటని తన చుట్టాల్లోకి తీసుకుపోయాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కబురు పల్లె నుంచి పల్లెకి పాకింది పేరయ్య కాళ్ళ మీద, ఆయన బంధుత్వాల మీద. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో తెచ్చిన పుస్తకంలో ఈ మాదిగ పెద్దల కథలు రాసిపెట్టబట్టి ఆ పేర్లు మనకి మిగిలాయి. లేకపోతే పేరయ్య కూడా 'ఒక లోకల్ బ్రదర్' అయిపోయేవాడు.

1876-78 కరువులో క్లౌ చేసిన పని రెండు ముక్కల్లో చెప్పాలి. ఒకటి, సర్వే పని తెలిసినవాడు కాబట్టి బకింగ్‌హాం కాలవలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. కరువు సాయం నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. జనం వచ్చి అడుగుతూనే ఉన్నారు, ఆయన ఆగమంటూనే ఉన్నాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

ఆ 2,222 అన్న అంకె చర్చి చరిత్రల్లో మోగుతూనే ఉంటుంది. నాకైతే దానికి ముందు గడిచిన నెలల్లో ఉన్న సున్నా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. 'ఇప్పుడు కాదు, ఆగండి' అనగలగడం మిషనరీకి ఉండాల్సిన మొదటి మర్యాద. పది రోజుల టికెట్టుతో వచ్చినవాడికి ఆ మర్యాద పాటించే వీల్లేదు. తొమ్మిదో రాత్రి చేతులు లేవకపోతే అతని దగ్గర కథ లేదు, కథ లేకపోతే వచ్చే ఏడాదికి డబ్బు లేదు. బియ్యం బస్తా, సువార్త కరపత్రం, చేతులెత్తమనే పిలుపు, మూడూ ఒకే సాయంత్రం ఒకే మైదానంలో జరగాల్సి వస్తుంది. ఇందులో మనుషుల దుర్బుద్ధి కన్నా క్యాలెండర్ పాత్రే ఎక్కువ.

ఇదే కరువునీ ఇదే కాలవనీ ఇంకో వైపు నుంచి చూడాలంటే జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఉంది. ఆకలితో ఊరొదిలిన శివయ్య, శశిరేఖ కాలవ పనికి పోతే అంటరానివాళ్ళని అక్కడా నిలవనివ్వరు. వాళ్ళకి ఆసరా ఇచ్చేవాడు మార్టిన్ అనే దేశీ క్రైస్తవుడు. శివయ్య సీమోనవుతాడు. ఆ నవల మతం మారడాన్ని విముక్తి అని చాటదు, మోసం అని తిట్టదు. మారినా వెంట వచ్చే కులాన్నీ, పాకలోంచి బడి దాకా వేసిన అడుగునీ ఒకే చూపుతో చూస్తుంది. అలా చూడగలిగింది ఎందుకంటే కథ చెప్పేది వెళ్ళొచ్చినవాళ్ళు కాదు. కోడలు రూతు, తరాల జ్ఞాపకాన్ని తవ్వుతూ చెబుతుంది. ఆమెకి తిరుగు టికెట్టు లేదు. అందుకే అందులో మనుషులకి పేర్లున్నాయి, పాటలున్నాయి, దొరతో తగవులూ ఉన్నాయి. ట్రిప్ సాక్ష్యంలో ఆ ఊరివాళ్ళు ఎవరైనా జట్టుతో విభేదించినట్టు మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. విభేదించని మనిషి పాత్ర కాడు, నేపథ్యం మాత్రమే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఎక్కువ కాలం ఉంటే సరిపోతుందా? యాభై ఏళ్ళు బంగళాలో ఉండి దొరలుగానే చచ్చిపోయినవాళ్ళు లేరా? ఉన్నారు. ఆ మాట గట్టిగా అన్నది కూడా మన నేలతో ముడిపడిన మనిషే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. జాఫ్నా తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో తమిళనాడులో మిషన్ నడపడం చూసి, మనమెందుకు చేయడం లేదని 1903లో స్వదేశీ మిషనరీ సంఘం ఒకటి మొదలుపెట్టడంలో ముందున్నాడు. 1909లో తనే నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా డోర్నకల్‌ని వదల్లేదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, సుమారు 1200 మంది ప్రతినిధుల మధ్య ఆసియా ముఖాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అక్కడ లేచి నిలబడి, మీ త్యాగాలకి భారతీయ సంఘం ఎప్పటికీ రుణపడి ఉంటుంది, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నాడు. ఆ మాట అన్నది పది రోజులకి వచ్చినవాళ్ళతో కాదు, జీవితాలు ఇచ్చేసినవాళ్ళతో.

కాబట్టి అసలు గీత కాలం దగ్గర లేదు. జవాబుదారీ దగ్గర ఉంది. నేను చేసిన పనికి నన్ను నిలదీయగల మనిషి ఆ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారా అన్నది ప్రశ్న. స్నేహితుడంటే తిట్టే హక్కున్నవాడు. ఎక్కువకాలం ఉంటే అలాంటివాడు దొరికే అవకాశం ఎక్కువ, అంతే. ఏటా అదే ఊరికి, అదే మనుషుల దగ్గరికి, వాళ్ళు పిలిస్తేనే వెళ్ళే జట్టుకి పది రోజులైనా ఆ అవకాశం ఉంటుంది. ఏటా కొత్త 'చేరని ప్రాంతం' వెతుక్కునే జట్టుకి ఎన్నేళ్ళైనా ఉండదు.

లాభాలు లేవా అంటే ఉన్నాయి. వాటిని చిన్నవిగా చేసి చెప్పడం అన్యాయం. పది రోజుల్లో పూర్తయ్యే పనులు కొన్ని నిజంగానే ఉంటాయి. శుక్లాల ఆపరేషన్‌కి నిమిషాలు పడుతుంది, చూపు ఏళ్ళపాటు ఉంటుంది. అయితే తర్వాతి పరీక్షలకి దగ్గర్లో ఒక ఆస్పత్రి చేయి పట్టుకోవాలి. బోరు మోటారు బాగుచేయడం, లెక్కల పుస్తకం సరిచేసివ్వడం, అటవీ హక్కుల దరఖాస్తు నింపడంలో సాయపడటం, ఇలాంటివి మొదలుపెట్టి ముగించి రావచ్చు. అనాథాశ్రమంలో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వారం రోజులు ప్రేమ చూపించి మాయమైపోవడం అలాంటిది కాదు. ఇంకో లాభం లెక్కల్లో కనిపించదు. ఊళ్ళో ఎవరూ మెతుకు ముట్టని ఇంట్లో బయటినుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళు కూర్చుని తింటే, చూసే కళ్ళకి అది ఒక మాట చెబుతుంది. ఆ ఒక్క భోజనం విలువ నాకు తెలుసు. కులం ఉన్న దేశంలో అది చిన్న పని కాదు.

కానీ నష్టాల లెక్క కూడా అంత సూటిగానే చెప్పాలి. ఎందుకంటే అది పడేది వెళ్ళొచ్చినవాళ్ళ మీద కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో అతను బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే మన పల్లెల్లో ఎంతోమందికి కాగితంలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. శివయ్యా సీమోనూ ఒకే మనిషిలో ఇప్పటికీ కాపురం చేస్తున్నారు. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు కానీ, మారినవాళ్ళని జాబితాలోంచి తీసేయాలన్న డిమాండ్ గట్టిగానే ఉంది. ఈ పరిస్థితిలో ఒక చెరువులో బాప్తిస్మం ఫోటో తీసి, ఊరి పేరు ట్యాగ్ చేసి పెట్టడమంటే ఏంటి? మనకది జ్ఞాపకం. అక్కడ ఆ అమ్మాయి సర్టిఫికెట్ మీద ఎవరైనా కంప్లయింటు పెడితే అదే రుజువు. మన సాక్ష్యం ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. విచిత్రమేంటంటే మన పోస్టుల్లో పేరు ఉండదు, ముఖం ఉంటుంది. ఆమెని కాపాడాలంటే ముఖం కనబడకూడదు. ఆమెని గౌరవించాలంటే ఆమె ఏమందో ఉండాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

చట్టాల సంగతి కూడా ఇంతే. టూరిస్టు వీసా మీద వచ్చి మతప్రచారం చేయడం కుదరదు, దానికి వేరే మిషనరీ వీసా ఉంది. అయినా వచ్చి పట్టుబడితే విదేశీయుడు విమానమెక్కి వెళ్ళిపోతాడు. స్టేషన్ చుట్టూ తిరిగేది పిలిచిన పాస్టరు. అరకు నుంచి కొంచెం ముందుకెళ్తే ఒడిశా, భద్రాచలం దాటితే ఛత్తీస్‌గఢ్. రెండు చోట్లా 1960ల నుంచీ మతమార్పిడి మీద చట్టాలున్నాయి. 2008లో కంధమాల్‌లో ఇళ్ళు తగలబడ్డప్పుడు అడవుల్లోకి పారిపోయిందీ ఆ ఊళ్ళ దళిత, ఆదివాసీ క్రైస్తవులే. హింస చేసినవాళ్ళ తప్పు హింస చేసినవాళ్ళదే. కానీ ప్రమాదం ఎవరి గుమ్మంలో ఉందో తెలిసి కూడా డ్రోన్ షాట్ తీయడం ధైర్యం కాదు.

ఈ మాటలన్నీ చర్చికి వెళ్ళేవాళ్ళకేనని మిగతావాళ్ళు ఊపిరి తీసుకోనక్కర్లేదు. కంపెనీ సీఎస్సార్ పేరుతో ఒక శనివారం సర్కారు బడి గోడకి రంగులేసి వచ్చేవాళ్ళం, ఊరికి వచ్చినప్పుడు నోటు పుస్తకాలు పంచి ఫోటో దిగే ఎన్నారైలు, మనందరి ఉత్సాహానికీ అదే క్యాలెండర్, అదే రీల్. చర్చి వాళ్ళు కనీసం తాము చేసేదానికి సాక్ష్యం అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో ఒక బాధ్యత ఉంది. సాక్షి చూసింది మొత్తం చెప్పాలి, తనకి అనుకూలమైనంత వరకే కాదు.

అందుకే నాకు ఈ రూపం చచ్చిపోవాలని లేదు, మారాలని ఉంది. ఒక్క మార్పు చాలు. రిపోర్టు వెళ్ళినవాళ్ళు కాకుండా, ఆతిథ్యం ఇచ్చిన సంఘంలోని ఒక స్త్రీ చెప్పాలి. తెలుగు మిషన్ చరిత్రలో బైబిల్ స్త్రీలు లేకుండా ఏ పల్లె కదిలింది కనుక? ఆరు నెలల తర్వాత ఆమెని తెల్లాపూర్‌కి పిలవండి. జట్టు వల్ల ఏం మంచి జరిగింది, ఏం చెడింది, మళ్ళీ రావాలా వద్దా, మైకు ఆమె చేతికిచ్చి అడగండి. ఆమె వద్దంటే వెళ్ళకండి.

ఆమె రావాలంటే ముందు మన గేటు దాటాలి. గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్‌లోని యాప్‌లో ఆమెని గెస్ట్ అని నమోదు చేస్తారో, పనిమనిషి అని చేస్తారో తెలీదు. ఏ లిఫ్టులో ఎక్కమంటారో తెలీదు. రాత్రికి ఎవరి ఫ్లాట్‌లో పడుకుంటుంది, ఎవరి టేబుల్ దగ్గర తింటుంది? ఆ గేటుకి ఎదురుగానే రేకుల షెడ్లలో మన టవర్లు కట్టడానికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. మనం ఏ కొండల్లోకి ట్రిప్ వేసుకుని వెళ్తున్నామో, దాదాపు ఆ కొండల మనుషులే. అజరయ్య ఎడిన్‌బరోలో అడిగింది కూడా ఇలాంటి ఇంటి సంగతే. మనం వాళ్ళ గుమ్మం తొక్కినంత తేలిగ్గా వాళ్ళు మన గుమ్మం తొక్కగలరా అన్నది తేలాక, ఆ తర్వాత చెప్పే సాక్ష్యం వినడానికి నేను ముందు వరసలో కూర్చుంటాను.